రెండు కాయితాల మీదా ఒకే సంతకం

మొన్న మంగళవారం పొద్దున కాలేజీకి బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. తొర్రూరు దగ్గరి ఒక ఊళ్ళో, చర్చిలో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి. రెండేళ్ళుగా మా ఇద్దరికీ మాట్లాడుకునే పని పడలేదు.

“మేడం, మా పెద్దాయన పోయిండు. నిన్న పొద్దుమూకంగ. మీకు చెప్పాలె అనిపిచ్చింది.”

ఏ పెద్దాయన అని నేను అడగలేదు. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, మా ఇద్దరి మధ్యా పెద్దాయన అంటే ఒక్కరే.

అమ్మ వంటింట్లోంచి “ఎవరే?” అంది.

“సర్వే చేసినప్పుడు తెలిసినాయన. పోయాడట.”

“మంచోడా?”

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. మంచివాడే. కానీ ఆ ఒక్క మాట అంటే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే ఉంటుంది. ఎలాంటివాడు, ఏం కోరుకున్నాడు అన్నది ఇన్నాళ్ళూ నాకే తేలలేదు. అమ్మకు ఏం చెప్పను? కాలేజీకి ఫోన్ చేసి సెలవు పెట్టి, హనుమకొండ బస్టాండులో తొర్రూరు బస్సెక్కాను.

అప్పట్లో నేను సోషల్ వర్క్‌లో పీజీ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. ఆ వైపు పల్లెల మీదుగా సరుకు రైళ్ళ కోసమే కొత్త లైను వేయాలనుకుంటున్నారనీ, దాని మీద జనం అభిప్రాయం రాసుకురావాలనీ ఒక సంస్థ మాలాంటివాళ్ళను కొన్ని నెలలకు తీసుకుంది. ఒక పూట శిక్షణ ఇచ్చి, ఫారాల కట్ట చేతికిచ్చి పంపారు. ఆ లైను గురించి నాకు తెలిసింది ఊళ్ళోవాళ్ళకు తెలిసినదానికంటే ఎక్కువేం కాదు.

ఊళ్ళోవాళ్ళకు తెలిసింది రోజుకో రకంగా మారేది. బొగ్గు బండ్లు పోతాయని ఒకరు, సిమెంటు బండ్లని ఒకరు, మన పత్తి ఇక్కడే ఎక్కించుకుంటారట అని ఇంకొకరు. స్టేషను కడతారనీ, తన కూతురు పొద్దున రైలెక్కి వరంగల్‌లో చదువుకుని సాయంత్రానికి ఇల్లు చేరుతుందనీ ఒక తల్లి సంబరంగా చెప్పింది. అది సరుకు రైలమ్మా, మనుషులను ఎక్కించుకోదు అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసి, “రైలన్నంక మనుషులెక్కకుంట ఎట్లుంటరు బిడ్డా” అంది.

నెల తిరిగేసరికి ఊరు రెండుగా చీలింది. లైను రావాలనేవాళ్ళకు ఎరువుల దుకాణం ఆయన ముందున్నాడు. దగ్గర్లో గూడ్సు షెడ్డు పడితే పంటలకు లారీల వెంట తిరిగే బాధ తప్పుతుందని, ఊళ్ళో కుర్రాళ్ళకు పని దొరుకుతుందని ఆయన వాదన. వద్దనేవాళ్ళకు ఉపదేశి ముందున్నాడు. ఉపదేశి వాళ్ళుండే కాలనీ ఇళ్ళు లైనుకు ఒక పక్క పడతాయి. వాళ్ళు కూలికి పోయే చేలూ, వాళ్ళ సమాధుల తోటా మరో పక్క పడతాయి. “రేపు శవాన్ని ఎత్తుకోని ఎటు తిరిగి పోవాలె మేడం?” అని ఆయన నన్నడిగాడు. దుకాణం ఆయన మాట విన్నప్పుడు ఆయన చెప్పింది సబబనిపించేది. ఉపదేశి మాట విన్నప్పుడు ఈయన చెప్పిందే సబబనిపించేది. నా ఫారంలో మాత్రం అనుకూలం, వ్యతిరేకం అని రెండే గడులున్నాయి.

పెద్దాయన ఇల్లు ఊరి చివర. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు రేకుల కింద నులక మంచం మీద కూర్చుని, విరిగిన కళ్ళద్దాల కాడకు దారం చుట్టుకుంటున్నాడు. నేనెవరో ఎందుకొచ్చానో చెప్పకముందే అడిగాడు.

“ఏ తొవ్వన వచ్చినవు బిడ్డా?”

బస్సులో తొర్రూరు దాకా, అక్కణ్ణుంచి ఆటోలో అన్నాను. అంతటితో వదల్లేదు. ఆటో ఎక్కడ ఆపాడు, బడి ముందునుంచి వచ్చావా, మిల్లు వెనకనుంచి వచ్చావా, మధ్యలో కల్వర్టు మోరీ దగ్గర నీళ్ళున్నాయా. తర్వాత తెలిసింది, ఆ ఊరికి ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది ఇదేనని. ఎక్కడికైనా కాలినడకన పోయే మనిషి. సైకిల్ ఉన్నా తోసుకుంటూ నడిచేవాడు.

“పేరు చెప్పు బాపూ” అన్నాను ఫారం తీసి.

“పేరు ఆఖరుకు రాయి. ముందుగాల మాట రాయి. పేరు ముందు రాస్తే మాట దాన్ని చూసి సిగ్గుపడ్తది.”

సరేనని పేరు గడి ఖాళీగా వదిలేశాను. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడూ వదిలేస్తున్నాను.

రైలు లైను మీకు ఇష్టమేనా అని అడిగాను. ఆయన నా ప్రశ్నను తన నోటితో ఒకసారి పైకే అనుకున్నాడు. “రైలు లైను నాకిష్టమేనా.” ఏది అడిగినా అంతే. ప్రశ్నను ముందు తన గొంతులో విని, తర్వాత జవాబు చెప్పేవాడు.

“రావాలె బిడ్డా. ఈ ఊరికి ఏం వచ్చినా అందరికి వచ్చినంక ఆఖరుకే వస్తది. కరెంటు గట్లనే వచ్చింది, రోడ్డు గట్లనే వచ్చింది. ఇదన్న ముందుగాల రానియ్యి.”

అనుకూలం గడిలో టిక్కు పెట్టాను. పెద్దాయన లేచాడు. వెళ్ళిపోతున్నాడేమో అనుకున్నాను. మంచం చుట్టూ తిరిగి వచ్చి రెండో కొసన కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ఆయన బావీ, మెట్టచేనూ కనిపిస్తాయి.

“ఈడికెళ్లి చూస్తే వద్దనిపిస్తాంది” అన్నాడు. “నా బాయి ఒక దిక్కు, చెలక ఒక దిక్కు అయితది. కొట్టెయ్యి అది.”

కొట్టేసి రెండో గడిలో పెట్టాను. ఆయన మళ్ళీ లేవబోతుంటే నాకు చిరాకొచ్చింది. పొయ్యి దగ్గర పెద్దాయన భార్య కూర్చుని ఉంది. సన్నగా, గట్టిగా ఉండే మనిషి. ఆమె నవ్వి, “ఆయన గంతే బిడ్డా. కూరల ఉప్పు సరిపోయిందా అంటెగూడ రెండు దిక్కుల కూసోని చెప్తడు” అంది.

“ఏదో ఒకటి చెప్పాలె బాపూ. దీంట్ల రెండే ఉన్నయ్.”

“తలకాయలకెళ్లి మాట కాళ్లళ్లకు దిగాలె బిడ్డా. ఇంక దిగలే. మల్ల రా.”

మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ మాట కాళ్ళలోకి దిగలేదు. నన్ను ఆట పట్టిస్తున్నాడని ఒకసారి, మతి తప్పినవాడేమో అని మరోసారి అనుకున్నాను. మా జట్టులో ఒకతను తేలిగ్గా తేల్చేశాడు. “ఆ ముసలాయన చానా హుషారు. ఎటు గెలిస్తే అటు చేరుదామని చూస్తాండు.” అది కూడా కాదనలేకపోయాను.

ఆ మధ్యలోనే ఊళ్ళో రెండు అర్జీలు తిరిగాయి. లైను రావాలి, గూడ్సు షెడ్డు కావాలి అని దుకాణం ఆయన రాయించింది ఒకటి. లైను ఊరు తప్పించి వేయాలి, దారి లేకుండా చీల్చవద్దు అని ఉపదేశి రాయించింది ఇంకొకటి. రెండు జట్లూ ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకున్నాయి.

పెద్దాయన సంతకం గురించి చెప్పాలి. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాడట. సంతకం పెట్టేముందు చేతులు కడుక్కునేవాడు. మొదటి అక్షరం తలకట్టు కొడవలిలా సాగేది, చివరి అక్షరం కింద అడ్డంగా గీత, గీత కింద రెండు చుక్కలు. మొత్తం ముగ్గురు మనుషులు పెట్టుకునే చోటు ఆయన ఒక్కడికే కావాలి. అందుకే తర్వాత అన్ని సంతకాల మధ్యా ఆయనదే పట్టుబడింది.

బడి ఆవరణలో సభ పెట్టారు. షామియానా వేసి కుర్చీలు పరిచారు. ఎవరూ చెప్పకుండానే రావాలనేవాళ్ళు ఎడమపక్కన, వద్దనేవాళ్ళు కుడిపక్కన కూర్చున్నారు. పెద్దాయన మధ్యదారి మొదట్లో, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. కుర్చీ చూపిస్తే తల అడ్డంగా ఊపాడు.

సభకొచ్చిన ప్రభుత్వ ఆఫీసరు రెండు అర్జీలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాడు. నేను వెనకే నిలబడి ఉన్నాను. ఆయన వేలు ఒకచోట ఆగింది. రెండో కాయితం తిప్పాడు. అక్కడా అదే కొడవలి, అదే గీత, అవే రెండు చుక్కలు.

“ఈ సంతకం ఎవరిది?” అని మైకులో అడిగి, పేరు చదివాడు.

“నాదే సారూ.”

“రెండిటిమీదా ఎట్లా పెట్టారు?”

“రెండిటి మీద ఎట్ల పెట్టిన” అని పెద్దాయన తనలో తాను అనుకున్నాడు. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

“రెండిట్ల రాసింది నిజమే ఉండె సారూ. అబద్ధం ఉంటే పెట్టకపోతుంటి.”

ఎడమపక్కనుంచి ఎవరో “గిదేం మాట” అన్నారు. కుడిపక్కనుంచి ఎవరో “అమ్ముడుపోయిండు” అన్నారు. ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఓపిగ్గానే చెప్పాడు. “ఒక మనిషికి ఒకే మాట పెద్దాయనా. ఏది ఉంచాలె, ఏది తియ్యాలె మీరే చెప్పండి.”

పెద్దాయన ఎడమపక్క కుర్చీల వైపు చూశాడు, కుడిపక్కకు చూశాడు. ఆ చూపు ఒక్కొక్కరి ముఖం మీదా ఆగి ఆగి పోవడం నేను గమనించాను. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. చాలాసేపు అలా చూసి, “రెండిట్ల కొట్టేయుండ్రి సారూ” అన్నాడు.

“అప్పుడు మీ మాట లేనట్టే అయితది.”

“కానియ్యుండ్రి.”

డ్రమ్ము మూత తీసి గ్లాసెడు నీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, బయటికి నడిచాడు. అంతమంది ముందు ఆ మనిషి నడక ఏమీ మారలేదు.

ఆ రోజునుంచి ఆయన రెండు పక్షాలకూ కానివాడయ్యాడు. దుకాణం ఆయన జట్టువాళ్ళ ట్రాక్టరు పెద్దాయన పొలానికి రావడం మానేసింది. కాలనీ ఆడవాళ్ళు పత్తి ఏరడానికి రాలేదు. ఛాయ్ హోటల్లో ఆయన కూర్చుంటే పక్క బల్ల ఖాళీ అయ్యేది. ఇవన్నీ నాకు చెప్పింది వేరేవాళ్ళు. ఆయన చెప్పలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి ఉంది. సభ అయిన మర్నాడు, రెండు అర్జీల్లో ఇంకెవరి సంతకాలైనా రెండేసిసార్లు ఉన్నాయేమో చూడమని మాకు పని చెప్పారు. బడిలో ఒక గది తలుపేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు రెండిట్లోనూ ఉన్నారు. వేలిముద్రలు, చిన్న చిన్న గీతలు, ఒకచోట ఇంటిపేరుతో ఒకచోట లేకుండా. “అమ్ముడుపోయిండు” అన్న గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఆయనవీ రెండున్నాయి. దుకాణం ఆయన తల్లి వేలిముద్ర ఉపదేశి అర్జీలో ఉంది. ఉపదేశి భార్య సంతకం దుకాణం ఆయన అర్జీలో ఉంది.

మా పైఅధికారికి చూపించాను. ఆయన కాసేపు తల పట్టుకుని, “రెండుసార్లున్నవన్నీ తీసెయ్యి. పేర్లు మాత్రం బయటపెట్టకు. ఊరు కొట్టుకుంటది” అన్నాడు. అదీ నిజమే అనిపించింది. అలా తీసేస్తే రెండు అర్జీలూ చిక్కిపోయాయి. ఊరంతా చేసిన పనికి ఒక్క మనిషి దోషిగా మిగిలాడు. ఆ సంగతి నాకు తెలుసు, నేను నోరు మూసుకున్నాను.

ఉండబట్టలేక ఒక ఆదివారం పెద్దాయన వాళ్ళ చేనుకు వెళ్ళాను. పత్తి పగిలి తెల్లగా ఉంది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. వానొస్తే పింజ తడిసి నల్లబడిపోతుంది. ముసలివాళ్ళిద్దరే చెరో సాలు పట్టుకుని ఏరుతున్నారు. పెద్దమ్మ, అంటే ఆయన భార్య, ఏమీ అడగకుండా తన పాత చీర ముక్కను నా నడుముకు ఒడిలా కట్టింది. మధ్యాహ్నం దాకా ఏరాను. నా వేళ్ళు గీసుకుపోయాయి గానీ ఒడి సగం కూడా నిండలేదు.

ఆమె బువ్వగిన్నె తేవడానికి బావి దగ్గరికి వెళ్ళినప్పుడు పెద్దాయనతో చెప్పాను. ఆయన ఒక్కడే కాదని, ఊళ్ళో చాలామందివి రెండేసి ఉన్నాయని. పేర్లు చెప్పలేదు.

“నాకెర్కే” అన్నాడు, పత్తికాయ మీదినుంచి చూపు తిప్పకుండా. “సంతకం పెట్టంగ మీదున్న పేర్లు చూసిన గదా.”

“మరి సభలో ఎందుకు చెప్పలే?”

“సభల ఎందుకు చెప్పలే” అని అనుకున్నాడు. అక్కడ మంచం లేదు. సాలు దాటి అవతలి సాల్లోకి వెళ్ళి, నా ఎదురుగా నిలబడ్డాడు. “ఎవలన్న లేచి నేను గూడ పెట్టిన అంటరేమో అని చూసిన. లేవలే. నేనెందుకు వాళ్ల పేర్లు చెప్పాలె?” మళ్ళీ ఇటు సాల్లోకి వచ్చాడు. “చెప్పకపోవుడు గూడ తప్పే కావచ్చు. చెప్పి ఉంటే ఈ పత్తి ఏరెతందుకు మనుషులు వస్తుండె.”

“నిజంగా రెండూ ఇష్టమయ్యే పెట్టినవా బాపూ?”

“రెండు కాయితాలు మంచిగ చదువుకున్నంకనే పెట్టిన బిడ్డా. ఒక్కొక్కటి రెండుసార్లు.”

అప్పుడు నన్ను చేను మధ్యకు తీసుకుపోయాడు. అక్కడ ఒక రాయి పాతి ఎర్రరంగు పూశారు. లైను అక్కణ్ణుంచి పోతుంది. ఆయన బావిగట్టు మీద మొదలుపెట్టి, పైకి లెక్కపెడుతూ, రాయి దాటి, అవతలి చెలకలోకి అడుగుపెట్టాడు. నిండా యాభై అడుగులు లేవు.

“ఇప్పుడు గిది నా తొవ్వ. లైను పడ్డంక ఈడికెళ్లి ఆడికి ఎటు తిరిగి పోవాలె? కిందికెళ్లి తొవ్వ ఇడుస్తరా, మీదికెళ్లి ఇడుస్తరా, ఊరు సుట్టు తిరగమంటరా? అదొక్కటి అడిగి చెప్పు. తొవ్వ ఇస్తే రానియ్యి. తొవ్వ లేకుంటే వద్దు. నాకు గింతే బిడ్డా.”

అంత సూటిగా ఆయన మాట్లాడటం అదే మొదలు. ఇన్నిసార్లు మంచం చుట్టూ తిరిగింది దీని కోసమేనా, లేక ఆ క్షణానికి తోచిన మాటా? నాకు తెలియదు. కనుక్కుని చెప్తానన్నాను.

కనుక్కోవడానికి వెళ్ళాను కూడా. మా ఆఫీసులో, మా పని అభిప్రాయం రాసుకోవడం వరకే అన్నారు. పెద్దాఫీసులో ఒకాయన మ్యాపు పరిచి, ఆ ఊరు ఎక్కడుందో వెతికి, “డిజైను ఇంకా ఖాయం కాలేదమ్మా” అన్నాడు. ఇంకొకాయన అలాంటివి తప్పకుండా ఉంటాయన్నాడు. మూడో ఆయన, ప్రతి చేనుకూ దారి ఇస్తే ఇక లైనెందుకు అన్నాడు. ఈ మూడింటిలో పెద్దాయనకు ఏది చెప్పాలో తేల్చుకోలేకపోయాను. ఇంతలో నా పని కాలం అయిపోయింది. కాలేజీలో ఉద్యోగం దొరికింది.

ఆయన ఒకసారి ఉపదేశి ఫోనునుంచి చేయించాడు. ఉపదేశి ఆయనతో మాట్లాడుతున్నాడన్నమాట అని సంతోషించాను. “తొవ్వ సంగతి తెలిసిందా బిడ్డా?” అన్నాడు. “అడుగుతున్న బాపూ” అన్నాను. అప్పటికి నేను అడగడం మానేసి చాలా రోజులైంది. “సరే, అడుగు” అని పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు.

నేను చేరేసరికి అంతా అయిపోయింది. పొద్దున్నే తీసుకుపోయారట. పాడెను ఒక పక్క దుకాణం ఆయన, ఇంకో పక్క ఉపదేశి పట్టారట. ఇంటిముందు కుర్చీల్లో మగవాళ్ళు, చాపల మీద ఆడవాళ్ళు కూర్చున్నారు. లైను ఇంకా పడలేదు. వస్తుందనే అంటున్నారు, ఎప్పుడో ఎవరికీ తెలియదు.

మాటలు మెల్లగా అటే పోయాయి.

“ఏమన్నగానీ, పెద్దాయన లైను రావాలన్న మనిషే” అన్నాడు దుకాణం ఆయన. “నా దగ్గర కూసోని ఎన్నిసార్లన్నడో. ఊరు ముందుకు పోవాలె అనేటోడు.”

“నా దగ్గర వద్దన్నడు” అన్నాడు ఉపదేశి. “మా సమాధుల తోట సంగతి చెప్తే కండ్లళ్ల నీళ్లు పెట్టుకున్నడు. ఆయన మా దిక్కే.”

“మీ దిక్కయితే ఆనాడు మీరెందుకు మాట్లాడకపోతిరి ఆయనతోటి?”

“మీరు మాట్లాడిండ్రా?”

గొంతులు పెరగలేదు. చావింట్లో ఉన్నామని ఇద్దరికీ గుర్తుంది. దుకాణం ఆయన నావైపు తిరిగాడు. “మేడం, మీరు రాసుకున్నరు గదా. దేంట్ల రాసిండ్రు ఆయనది?”

అందరూ నావైపు చూశారు. పైఅధికారి చెప్పిన మాట గుర్తొచ్చింది. చేనులో ఏరిన పత్తీ గుర్తొచ్చింది.

“దేంట్లోనూ లేదు” అన్నాను. “రెండు కాయితాల మీదా పెట్టినవాళ్ళ సంతకాలన్నీ కొట్టేశారు.”

“అన్ని అంటే?” అన్నాడు ఉపదేశి.

“అన్నీ. ఆయనదొక్కటే కాదు.”

ఎన్ని అని ఎవరూ అడగలేదు. ఎవరివి అనీ అడగలేదు. చాప మీద దుకాణం ఆయన తల్లి కొంగు సర్దుకుంది. ఉపదేశి భార్య ఆమె పక్కనే ఉంది, నేల చూస్తోంది. ఒకాయన లేచి, నీళ్ళు కావాలా అని అందరినీ అడగడం మొదలుపెట్టాడు. చెప్పి మంచిపని చేశానో, చెడ్డపని చేశానో, ఆలస్యంగా చేశానో, అప్పుడూ తెలియలేదు.

పెద్దమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. “కాళ్లు కడుక్కుందువు రా బిడ్డా” అని నన్ను వెనక్కి తీసుకుపోయింది. గోలెంలోంచి చెంబుతో నీళ్ళు ముంచింది గానీ వెంటనే పోయలేదు.

“నీకొకటి చెప్పాలె. ఆ రెండు కాయితాల మీద పెట్టుమన్నది నేనే.”

నేను ఆమె ముఖంలోకి చూశాను.

“దుకాణం ఆయన తల్లి, నేను ఒక్క ఊరి ఆడపిల్లలం. ఉపదేశి పెండ్లాం నాతోటి ఇరువై ఏండ్ల సంది కలుపు తీస్తాంది. ఒకలకు పెట్టి ఒకలకు పెట్టకుంటె నేను ఏ మొఖం పెట్టుకోని వాళ్ల మధ్యల తిరగాలె అన్న. ఆయన ఏమనలే. చేతులు కడుక్కోని వచ్చి పెట్టిండు. సభనాడు నా పేరు చెప్తడేమో అని తలుపు దగ్గరికేసుకోని ఇంట్లనే కూసున్న. వచ్చినంక ఏమన్నవయ్యా అంటే, ఏమనలే, బువ్వ పెట్టు అన్నడు. పత్తికి మనుషులు రాకపాయె, ట్రాక్టరు రాకపాయె. ఒక్కనాడు ఇది నీతోనే అయిందే అని అనలే. రెండు నిజమే అన్నడట సభల. నా పేరు రాకుంట చూసెతందుకే గట్లన్నడు అనుకున్న.”

నేను గోలెం అంచు పట్టుకున్నాను.

“నాతో చేనులో చెప్పిండు అవ్వా. పత్తి ఏరిననాడు, నువ్వు బావికాడికి పోయినప్పుడు. రెండు కాయితాలూ రెండేసిసార్లు చదువుకున్నాకే పెట్టిన అన్నడు.”

“చదువుకున్నడా?” అంది. “ఎప్పుడు చదివిండు? తెచ్చిన ఘడియలనే పెట్టిండు గదా. నేను పక్కనే ఉంటి.”

“నాకు అట్లనే చెప్పిండు.”

ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. ఆ మధ్యాహ్నం ఆయన నాతో అబద్ధమాడాడా? ఈమె పొయ్యి దగ్గర ఉండగా ఎప్పుడో ఆ కాయితాలు ఆయన చేతికి అందాయా? లేక ముందే ఎక్కడో చదివి ఉండి, ఈమె అడిగింది కదా అని ఈమె మాట నిలబెట్టాడా? ఆలోచించినకొద్దీ ఏదీ నిలవలేదు.

“అంటే,” అంది ఆమె చివరికి, “నేను చెప్పినందుకు పెట్టలేదా ఆయన?”

ఆ గొంతులో ఉన్నది ఊరటో దుఃఖమో నాకు అందలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. నేను ఒక కాలు ముందుకు పెట్టాను. ఆమె వంగి దాని మీద నీళ్ళు పోసింది.

“మడిమెలకు మట్టి పోలే,” అంది. “ఇంకో కాలు గూడ ముందుకు పెట్టు.”